తోడినప్పుడు తేట, తెల్లారితే తుప్పు

నేను నీళ్ల కెమిస్టుని. కరీంనగర్‌లో కాలేజీ చదువు ముగించి, మంచిర్యాల వైపు బొగ్గు గని కార్మికుల కాలనీలకు నీళ్లిచ్చే ఒక ఫిల్టర్ హౌసులో చేరాను. అక్కడే రిటైరయ్యాను. ఆ తర్వాత మంచిర్యాలలో చిన్న గది అద్దెకు తీసుకుని కొన్నేళ్లు బావుల నీళ్లు, బోర్ల నీళ్లు పరీక్షచేసి పెట్టాను. మోకాళ్లు మొరాయించడంతో ఆ గది కూడా మూసేశాను. ఈ మధ్య మా చర్చికి వచ్చే ఒక అమ్మాయికి నీళ్ల ల్యాబులో ఉద్యోగం వచ్చింది. "ఆంటీ, గా పనిల ఏముంటది, జర చెప్పున్రి" అని అడిగింది. ఆరాధన అయ్యాక మెట్ల మీద కూర్చుని మొదలుపెట్టినదాన్ని, వాళ్లమ్మ వచ్చి తీసుకుపోయేదాకా ఆపలేదు. ఇంటికి వచ్చినా చెప్పాలన్న ఉబలాటం తీరలేదు కాబట్టి ఇలా రాస్తున్నాను.

నాకు ఎప్పుడు ఏ గ్రేడు వచ్చిందో రాయను. అది చదివితే నాకే నిద్ర వస్తుంది. ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నది, ఒక ఇంట్లో నేను చేసిన తప్పు, ఆ తప్పును ఎలా దిద్దామన్నది రాస్తాను. ఆ ఇంట్లో ఒక ఈతకొలను ఉంది. దాన్ని తలుచుకుంటే ఈ వయసులో కూడా నేను కుర్చీలో నిలకడగా కూర్చోలేను.

కిటికీలో సీసా

ఫిల్టర్ హౌసులో నా పై అధికారి రహీం సార్. నేను చేరిన మొదటి రోజు ఆయన నాకు యంత్రాలు చూపించలేదు, పుస్తకం ఇవ్వలేదు. ఒక బోరు దగ్గర తెల్ల సీసాలో నీళ్లు పట్టించి, కిటికీలో పెట్టి, "గీ సీసను చూసుకుంట కూసో. గిదే నీ పని" అన్నారు.

పొద్దున పది గంటలకు ఆ నీళ్లు గాజులా ఉన్నాయి. నాకు అవమానంగా అనిపించింది. ఎమ్మెస్సీ చదివి సీసాకు కాపలా ఏమిటి అనుకున్నాను. భోజనాల వేళకు నీళ్లలో లేత పసుపు రంగు కనిపించింది. నా కళ్లే మోసం చేస్తున్నాయేమో అనుకున్నాను. చాయ్ తాగి వచ్చేసరికి పసుపు ముదిరింది. ఇంటికి పోయే వేళకు సీసా అడుగున ఎర్రటి మెత్తటి పొడి పేరుకుంది. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని దాని ముందే కూర్చుండిపోయాను.

"పుస్తకంల చదివినవ్ గద?" అన్నారు రహీం సార్.

"చదివిన సార్."

"చూసినవా ఎన్నడన్న?"

చూడలేదు. భూమి లోపల గాలి తగలని చోట ఇనుము నీళ్లలో కరిగిపోయి, కంటికి కనపడకుండా ఉంటుంది. పైకి వచ్చి గాలి తగిలితే తుప్పుగా మారుతుంది. క్లోరిన్ తగిలితే ఇంకా తొందరగా మారుతుంది. ఈ రెండు ముక్కలు నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవే. సీసాలో కళ్లముందు జరిగితే మాత్రం ఏదో ఇంద్రజాలం చూసినట్టు ఒళ్లు పులకరించింది.

రహీం సార్ గొప్ప అధికారి అని అబద్ధం చెప్పను. ఆయనకు కోపం ఎక్కువ. ఒక్క ముక్కా కాగితం మీద పెట్టేవారు కాదు. ఆయన సెలవు పెడితే ఏ వాల్వు ఎందుకు తిప్పారో ఎవరికీ తెలిసేది కాదు, దానివల్ల మేం చాలాసార్లు చీవాట్లు తిన్నాం. కానీ నీళ్ల ముందు ఆయనకున్న ఓపిక ఇంకెవరిలోనూ చూడలేదు. ఆ ఓపిక నాకూ వచ్చేసిందనుకున్నాను. రాలేదని చెన్నూరులో తెలిసింది.

రెండు సీసాలతో మల్లేశ్

అప్పటికి నేను రిటైరై మంచిర్యాల గదిలో కూర్చుంటున్నాను. ఎండలు ముదురుతున్న రోజుల్లో, చెన్నూరు నుంచి బస్సులో ఒకాయన వచ్చాడు. పేరు మల్లేశ్. నలభై అయిదేళ్లుంటాయి. బల్ల మీద రెండు సీసాలు పెట్టాడు. ఒకదాంట్లో తేట నీళ్లు. ఇంకోదాంట్లో పాలు పోయని చాయ్‌లాంటి నీళ్లు.

"రెండు ఒక్క బోరు నీళ్లే మేడం. గిది ఇప్పుడే పట్టిన. గిది మా కొలన్లది."

"కొలనా?"

"ఈతకొలను. మా ఇంటి ఎనుక కట్టిన."

చెన్నూరులో ఇంటి వెనక ఈతకొలను ఉన్నవాళ్లను నేను అప్పటివరకు చూడలేదు. మల్లేశ్ దుబాయ్‌లో పద్నాలుగేళ్లు పెద్ద పెద్ద ఇళ్లలో ఈతకొలన్లు శుభ్రం చేసే పనిలో ఉన్నాడట. ఇక్కడికి తిరిగొచ్చాక మేస్త్రీ పనివాళ్ల పక్కన నిలబడి, ఎంత లోతు, పైపు ఎక్కడ, మెట్లు ఎలా అన్నీ తనే చెప్పి కట్టించుకున్నాడు. కట్టింది సరదాకు కాదు. ఆయన కూతురు శిరీష డిగ్రీ రెండో సంవత్సరంలో స్కూటీ మీద నుంచి పడింది. తుంటికి, కాలికి ఆపరేషన్లయ్యాయి. చంకకర్రలతో నడుస్తోంది. నేల మీద బరువు మోపితే నొప్పి, అందుకని నీళ్లలో నడిపిస్తే కాలికి బలం వస్తుందని కరీంనగర్ దవాఖానాలో చెప్పారు. వారానికి మూడుసార్లు అంతదూరం తిప్పడం ఆ పిల్ల తుంటికి ఇంకో బాధ.

"నీళ్లు నింపిన మేడం. అద్దం లెక్క ఉండె. దుబాయ్ల ఏసినట్టే క్లోరిన్ ఏసిన. తెల్లారి చూస్తే గిట్లయినయి. పద్నాలుగేండ్ల పనిల గిసొంటిది చూడలే. ఊళ్లె అందరు ఒక్కో తీరుగ మాట్లాడుతున్నరు. పిల్ల పరేషాన్ అయితున్నది."

నేను నవ్వాను, సంతోషంతో. నాకు అంత ఇష్టమైన సంగతి నా బల్ల మీదికే నడిచి వచ్చింది మరి. ఆయనకు చెప్పాను, దుబాయ్‌లో కొలన్లకు పోసేది సముద్రపు నీళ్లను శుద్ధిచేసి ఇచ్చిన నీళ్లు, వాటిలో ఇనుము ఉండదు, అందుకే క్లోరిన్ వేస్తే మెరుస్తాయి. ఇక్కడి బోరు నీళ్లలో ఇనుము దాక్కుని ఉంది. క్లోరిన్ వేసి దాన్ని ఒక్కసారిగా బయటికి లాగారు.

"అంటే నేను తప్పు చేయలే?"

"మీ పని మీరు కరెక్టుగానే చేశారు. నీళ్లు వేరే."

ఆ మాట విని ఆయన భుజాలు కిందికి దిగడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

నా తప్పు

మర్నాడే చెన్నూరు వెళ్లాను. కొలనులో పటిక కలిపి తుప్పును అడుక్కి దింపించాను. అడుగు మట్టిని పైపుతో లాగి బయటికి వదిలించాను. అంతవరకు బాగానే చేశాను. సగం నీళ్లు పోయాయి. ఆ సగం మళ్లీ బోరు నుంచే నింపాలి.

ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, బోరు నీళ్లలోంచి ఇనుమును ముందే తీసేసి ఆ తర్వాత కొలనులోకి వదలడం. దానికి రోజులు పడతాయి. రెండోది, ఇనుమును కరిగిన రూపంలోనే పట్టి ఉంచే మందు ఒకటి దొరుకుతుంది, అది కొలనులో పోయడం. ఇనుము అక్కడే ఉంటుంది, రంగు మాత్రం కనపడదు. ఎండకు, క్లోరిన్‌కు ఆ మందు కొద్దిరోజుల్లో విరిగిపోతుంది. ఈ సంగతి నాకు తెలుసు. బాగా తెలుసు.

కానీ సోమవారం ఫిజియోథెరపీ అమ్మాయి వస్తుందని మల్లేశ్ అన్నాడు. ఆయన భార్య లక్ష్మి నాకు అన్నం పెట్టి, "మీ చేతులల్లనే ఉన్నదమ్మా" అంది. నేను మందు పోశాను. సాయంత్రానికి కొలను నీలంగా మెరిసింది. పక్కింటివాళ్లు గోడ మీది నుంచి చూశారు. నేను గట్టు మీద నిలబడి వాళ్లకు ఇనుము గురించి ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ ఉపన్యాసం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

సోమవారం ఫిజియోథెరపీ అమ్మాయికి వీలు కాలేదు, రాక వారం వాయిదా పడింది. ఎండకు కొలనులో నీళ్లు తగ్గుతుంటే మల్లేశ్ రోజూ బోరు నీళ్లు కలుపుతూ పోయాడు. ప్రతి బిందెతోపాటూ కొత్త ఇనుము. లోపల మందు విరుగుతోంది. తుప్పు సన్నగా మెట్ల మీద, అడుగున పడుతోంది. పైనుంచి చూస్తే తెలియదు.

పై సోమవారం ఆమె వచ్చిన రోజు నేనూ వెళ్లాను. శిరీష తెల్ల సల్వారు వేసుకుని, ఒకవైపు తండ్రిని, ఇంకోవైపు ఫిజియోథెరపీ అమ్మాయిని పట్టుకుని మెట్లు దిగింది. మూడో మెట్టు మీద పాదం పెట్టగానే అడుగు నుంచి ఎర్రటి మబ్బు లేచింది. ఆమె కాళ్ల చుట్టూ తిరిగి, మోకాళ్ల దాకా వచ్చింది. సల్వారు అంచులు రంగు పట్టేశాయి. శిరీష కదలకుండా నిలబడి కిందికే చూసింది.

"నన్ను తీయి బాపు."

"బిడ్డా, గది ఉత్త తుప్పు..."

"ఆపరేషనైనంక నా మంచం పక్కన సంచి కట్టిండ్రు గద. దాంట్ల నెత్తురు గిట్లనే దిగుతుండె. నన్ను తీయి."

బయటికి తీశారు. ఆ పిల్ల ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుంది. లక్ష్మి నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"మేడం, మీరు మంచిగైందంటిరి."

ల్యాబుల్లో చేరబోయే పిల్లలకు ఇది గట్టిగా చెబుతున్నాను. తెలియక చేసిన తప్పులు నన్ను ఎప్పుడూ ఇంతగా బాధపెట్టలేదు. తెలిసి, తొందరపడి, ఎవరో సంతోషిస్తారని చేసింది మాత్రం వదలదు. నీళ్లు బాగున్నాయని నేనన్న మాటను నమ్మి ఆ అమ్మాయి కాలు పెట్టింది.

నస్పూర్ ప్రయాణం

మర్నాడు పొద్దున్నే నస్పూర్‌లో రహీం సార్ ఇంటికి పోయాను. ఆయనకు ఎనభై దాటాయి. వరండాలో కూర్చుని దానిమ్మ ఒలుచుకుంటున్నారు. ఒక్క మాట దాచకుండా అంతా చెప్పాను. తిడతారనుకున్నాను.

"ఇనుము తీసినవా, దాచిపెట్టినవా?" అన్నారు.

"దాచిపెట్టిన సార్."

"మరి గది ఊకుంటదా." గింజలు నోట్లో వేసుకున్నారు. "మన ఫిల్టర్ హౌసుల జాలీలు యాదికున్నయా?"

ఉన్నాయి. బొగ్గును కాల్చగా మిగిలిన కోక్ ముక్కలను చిల్లుల పళ్లేల్లో నింపి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైనుంచి బోరు నీళ్లు వానలా కురిపించేవాళ్లం. నీళ్లు ముక్కల మధ్య జారుతూ గాలి పీల్చుకుని, ఇనుమును ఆ ముక్కలకే అంటించి కిందికి వచ్చేవి.

"ఇంట్ల గంత పెద్దది ఎట్ల కడతం సార్?"

"టమాటల డబ్బాలు ఉంటయి గద మార్కెట్ల, ప్లాస్టిక్‌వి. చిల్లులు వాటికి ఉండనే ఉంటయి. కోక్ దొరకకుంటే కంకర నింపు." ఆయన లేచారు. "జర ఆగు, చెప్పులు తొడుక్కుంట. నేను గూడ వస్త."

ఎనభై దాటిన మనిషి, మంచిర్యాలలో బస్సు మారి, చెన్నూరు దాకా నిలబడ్డ జనంలో వచ్చారు. సీటు ఇచ్చిన పిల్లవాడికి దారంతా ఇనుము గురించి చెబుతూనే ఉన్నారు. నాకు అంత దిగులులోనూ నవ్వాగలేదు.

టమాటా డబ్బాల గోపురం

మల్లేశ్ మమ్మల్ని చూసి వద్దనలేదు. రండి అనీ అనలేదు. రహీం సార్ నేరుగా బోరు దగ్గరికి వెళ్లి, దోసిట్లో నీళ్లు పట్టి, ఒక గుక్క నోట్లో తిప్పి ఉమ్మి, "మస్తున్నది ఇనుము" అన్నారు, విందు భోజనం రుచి చూసినంత సంబరంగా. మల్లేశ్ ముఖంలో మొదటిసారి చిన్న నవ్వు కనిపించింది.

ఆరు డబ్బాలు తెచ్చాం. గ్రానైట్ కంకర కడిగి నింపాం. ఇటుక దిమ్మెల మీద డబ్బాలను గోపురంలా నిలబెట్టి, పైన చిల్లుల పైపు అమర్చాం. కింద సిమెంటు తొట్టి. తొట్టిలో చిటికెడు బ్లీచింగు కలిపి, నీళ్లను ఒక రాత్రంతా కదలకుండా ఉంచాలి. తుప్పు అడుక్కి దిగాక పైనీళ్లు మాత్రమే ఇసుక ఫిల్టరులోంచి కొలనులోకి పోవాలి. పైపులు కలపడంలో మల్లేశ్ చేతి పనితనం చూసి రహీం సార్, "గీనె మన దగ్గరుంటే ఫిల్టర్ హౌసు లీకయ్యేదే కాదు" అన్నారు.

మొదటి మూడు రోజులు లాభం లేకపోయింది. తొట్టి నీళ్లలో పరీక్ష మందు చుక్కలు వేస్తే నారింజ రంగు వచ్చేది. ఆ రంగు వస్తే ఇనుము ఉన్నట్టే. మల్లేశ్ నీరసపడ్డాడు. రహీం సార్ నస్పూర్ నుంచి ఫోన్లో, "రాళ్లకు తుప్పు పట్టనియ్యి. కొత్త రాళ్లకు ఇనుము అంటదు. పాత తుప్పే కొత్త తుప్పును గుంజుతది" అన్నారు. నేను డబ్బాల దగ్గరికెళ్లి చూశాను. నల్ల కంకర మీద సన్నగా ఇటుకరంగు పొర మొదలైంది. ఈసారి తొందరపడదలచుకోలేదు.

అయిదో రోజు పొద్దున గ్లాసులో తొట్టి నీళ్లు పట్టి చుక్కలు వేశాను. మల్లేశ్, లక్ష్మి ఇద్దరూ నా భుజాల మీది నుంచి చూస్తున్నారు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. నిమిషమైంది. ఇంకో నిమిషమైంది. రంగు రాలేదు.

"మందు ఖరాబైందేమో మేడం" అన్నాడు మల్లేశ్.

మంచి అనుమానం. నేను అడగాల్సిన ప్రశ్న ఆయన అడిగాడు. ఇంకో గ్లాసులో బోరు నీళ్లు పట్టి అదే మందు వేశాను. గ్లాసంతా నారింజ రంగు విచ్చుకుంది. రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టాను. మల్లేశ్ రెండింటినీ ఎండలోకి ఎత్తి చాలాసేపు చూసి, వెళ్లి పంపు స్విచ్ మళ్లీ వేశాడు.

మీరు ల్యాబులో చేరిన మొదటి రోజు నుంచీ ఇది చేయండి. ఏమీ లేదని తేలిన ప్రతిసారీ, ఉందని తెలిసిన నీళ్లలో కూడా అదే మందు వేసి చూడండి. నేను ఎన్నో ఏళ్లు చేసిన పనే, కానీ ఆ రోజు సంబరంలో మరిచిపోయాను. కొలన్లు కడిగిన మనిషి గుర్తుచేశాడు.

విటమిన్ బిళ్లలు

పాత నీళ్లు పూర్తిగా తోడేశాక కొలను గోడలు, మెట్లు చూస్తే దుఃఖం వచ్చింది. తెల్ల టైల్స్ మీద గోధుమరంగు చారలు. మేస్త్రీ యాసిడ్ పోద్దామన్నాడు. యాసిడ్ టైల్స్ సందులను తినేస్తుందని ఆపాను. లక్ష్మిని మెడికల్ షాపుకు పంపి విటమిన్ సి బిళ్లలు తెప్పించాను.

"షాపాయన అడిగిండు, ఇంట్ల అందరికి సర్దయిందా అని. మెట్లకైంది అన్న" అంది లక్ష్మి. ఆమె నాతో నవ్వుతూ మాట్లాడటం ఆ సోమవారం తర్వాత అదే మొదలు.

ఒక బిళ్లను తడిపి మెట్టు మీది మరక మీద అదిమిపెట్టి రుద్దాను. బిళ్ల తగిలిన మేరకు టైలు తెల్లగా బయటపడింది. లక్ష్మి కొంగు నడుముకు చెక్కి తనూ కూర్చుంది. ఇనుప మరకకు ఆ బిళ్లలోని పులుపంటే పడదు, మరక కరిగి వదిలేస్తుంది.

మేం అలా రుద్దుతుంటే పైనుంచి చంకకర్రల చప్పుడు వినిపించింది. శిరీష గట్టు మీద నిలబడి ఉంది. కొలను ఖాళీగా ఉంది కాబట్టి వచ్చినట్టుంది.

"నిజంగ పోతున్నదా?" అంది.

"నువ్వే చూడు" అని ఒక బిళ్ల పైకి చాపాను.

చాలాసేపు ఆలోచించింది. తర్వాత పై మెట్టు మీద మెల్లగా కూర్చుని, బిళ్ల తీసుకుని, గోధుమరంగు మరక మీద 'శి' అని రాసింది. తెల్లటి అక్షరం. దాన్ని చూసుకుని ఫక్కున నవ్వింది. ఆ తర్వాత ఒక్కో మెట్టూ కూర్చునే కిందికి జరుగుతూ, మూడు మెట్లు తనే శుభ్రం చేసింది. తనను భయపెట్టిన మెట్టు మీద అందరికంటే ఎక్కువసేపు కూర్చుంది. మేం ఎంత చెప్పినా ఆ అమ్మాయిని నీళ్లలోకి దిగడానికి ఒప్పించగలిగేవాళ్లం కాదు. తన చేత్తో మరక పోవడం చూసుకుంది, అంతే.

గట్టు

గోపురం గుండా వచ్చే నీళ్లతో కొలను నిండటానికి చాలా రోజులు పట్టింది. రోజూ నేను పరీక్ష చేశాను. ఈసారి పరీక్ష ముగియకుండా ఒక్కరితోనూ నీళ్లు బాగున్నాయని అనలేదు.

శిరీష దిగే రోజున రహీం సార్‌ను కూడా తీసుకువెళ్లాను. ఆయన కుర్చీలో, లక్ష్మి, నేను మెట్ల దగ్గర. మల్లేశ్ అలవాటు ప్రకారం పొడుగు కట్టె వల పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. ఫిజియోథెరపీ అమ్మాయి ముందుగా దిగి చేయి అందించింది. శిరీష మూడో మెట్టు దగ్గర ఆగి కిందికి చూసింది. తన పాదాల గోళ్లు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి. దిగింది. నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. నడిచింది. చంకకర్రలు లేకుండా, ఒక చేయి మాత్రమే పట్టుకుని, కొలను మధ్యదాకా నడిచింది. లక్ష్మి కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి చూస్తోంది.

"బాపు, నువ్వు గూడ రా."

"నేనెందుకు బిడ్డా. నువ్వు నడువు."

"రా బాపు."

మల్లేశ్ వల కట్టెను అటూ ఇటూ మార్చుకున్నాడు. "నాకు రాదు. నేను ఎన్నడు దిగలే."

"పద్నాలుగేండ్లు కొలన్లల్లనే పని చేస్తివి గద" అంది లక్ష్మి.

"గట్టు మీదనే చేసిన. మమ్ముల దిగనియ్యకపోయేటోళ్లు. దిగితే కొలువు పోతుండె. గీ కట్టెతోనే లోపల కడుగుతుంటిమి."

పెళ్లాం బిడ్డలకు కూడా ఆయన ఆ మాట చెప్పలేదని వాళ్ల ముఖాలు చూస్తే తెలిసింది. శిరీష ఫిజియోథెరపీ అమ్మాయి చేయి వదిలి, మెట్ల దాకా తనంతట తానే వచ్చి, తండ్రి వైపు చేయి చాపింది.

మల్లేశ్ కట్టె పక్కన పెట్టాడు. ప్యాంటు పైకి మడిచి, అంత లోతుకు అది ఎందుకూ పనికిరాదని తోచిందేమో, మళ్లీ కిందికి దించేశాడు. ఒక్కో మెట్టు దిగాడు. రెండు చేతులతో గట్టును గట్టిగా పట్టుకున్నాడు.

"బిడ్డా, కాళ్లు తేలుతున్నయి."

"ఫికర్ చెయ్యకు బాపు. మెల్లగ నడువు. నేను పట్టుకున్న."

ఆ అమ్మాయి ఆయన మోచేతిని పట్టుకుంది. ఆయన ఒక చేత్తో గట్టును తడుముకుంటూ, ఇద్దరూ అవతలి గోడ దాకా నడిచారు. గోడ ముట్టుకోగానే రహీం సార్ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. వాళ్లు వెనక్కి తిరిగారు. తిరిగి వచ్చేటప్పుడు మల్లేశ్ గట్టు మీది చేయి తీసేశాడు.